స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ముందు కాగితం అడగండి

"ఎస్సై గారు రమ్మంటున్నారు పెద్దాయనా, ఐదు నిమిషాల పని" అని ఫోన్ రాగానే మా నాన్న తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. పక్కపొలం వాళ్ళ గట్టు గొడవలో సాక్షిగా. పొద్దున తొమ్మిదికి వెళ్ళిన మనిషి దీపాలు పెట్టే వేళకు వచ్చారు, అంతసేపూ బెంచీ మీదే, పైగా చివర్లో ఏం రాశారో చదివి వినిపించకుండానే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. ఆయనకు 67 ఏళ్ళు. అనంతపురం జిల్లాలో మా ఊరి సంగతి ఇది, కానీ కడపలో, కర్నూలులో ఉన్నవాళ్ళకూ ఇదే పరిస్థితి ఎదురు కావచ్చు కాబట్టి రాస్తున్నాను.

సాక్షిని పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. అరవై దాటిన మగవాళ్ళు, పదిహేనేళ్ళలోపు మగపిల్లలు, ఏ వయసు ఆడవాళ్ళైనా, వికలాంగులు, జబ్బుతో ఉన్నవాళ్ళు స్టేషన్‌కు వెళ్ళక్కర్లేదు, పోలీసులే ఇంటికి రావాలి. ఇది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 179వ సెక్షన్. దర్యాప్తు, అరెస్టు ఎలా చేయాలో చెప్పే పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన చట్టం ఇది. విచారణలో మీరు చెప్పింది వాళ్ళు రాసుకోవచ్చు గానీ దాని మీద మీ సంతకం తీసుకోకూడదు, అది అదే చట్టం 181వ సెక్షన్. తెల్లకాగితం మీద అయితే అసలే పెట్టొద్దు.

మిమ్మల్నే అనుమానిస్తే? ఏడేళ్ళ వరకు శిక్ష పడే కేసుల్లో వెంటనే అరెస్టు చేయాలని లేదు, అదే చట్టం 35(3) సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలవొచ్చు. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. నోటీసు చేతికొచ్చాక మాత్రం తప్పకుండా వెళ్ళండి, వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది.

ప్రశ్నలకు అబద్ధం చెప్పొద్దు. కానీ మిమ్మల్ని మీరే నేరంలో ఇరికించుకునే జవాబు ఇవ్వమని ఎవరూ బలవంతం చేయలేరు, రాజ్యాంగం 20(3) అధికరణ అదే, 1978లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథి కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. "సార్, లాయరుతో మాట్లాడి చెప్తాను" అనండి, గొంతు పెంచకుండా. పోలీసుల ముందు చేసిన నేర ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు, అయితే దాని ఆధారంగా దొరికిన వస్తువు మాత్రం సాక్ష్యమవుతుంది.

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర బండి ఆపితే లైసెన్సు, ఆర్సీ డిజీలాకర్‌లో చూపించినా చాలు. గంజాయి అనుమానంతో మీ జేబులు, ఒళ్ళు వెతకాలంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో వెతకమని కోరే హక్కు మీకుందని వాళ్ళే ముందుగా చెప్పాలి. బ్యాగుకూ బండికీ ఇది వర్తించదు. ఫోన్ లాక్ తీయమంటే ఏ కేసులో, ఏ నోటీసు మీద అని అడగండి.

ఇంటి సోదాకు వస్తే వారెంటు అడగండి. వారెంటు లేకుండా రావాలంటే కారణాలు ముందే రాసిపెట్టుకుని ఉండాలి. ఊళ్ళోవాళ్ళు ఇద్దరు సాక్షులుగా ఉండాలి, అంతా వీడియో తీయాలి, పట్టుకెళ్ళిన వస్తువుల జాబితా నకలు మీకు ఇవ్వాలి, ఆడవాళ్ళను ఆడ మనిషే వెతకాలి. ఏదైనా తప్పు జరుగుతోందనిపించినా అడ్డం పడకండి, చూస్తూ గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే సోదా చట్టవిరుద్ధమైనంత మాత్రాన దొరికినదాన్ని కోర్టు పక్కన పెట్టదు, ఎన్నో ఏళ్ళుగా సుప్రీంకోర్టు మాట ఇదే. అడ్డం పడితే మీ మీద ఇంకో కేసు.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకు తెలియజేయాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప పొద్దుగూకాక ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు, అప్పుడైనా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి.

డబ్బు లేదని వెనకాడొద్దు. ఉచిత న్యాయసహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, కస్టడీలో ఉన్నవాళ్ళకు లాయరును ఉచితంగానే పెడతారు. ఎన్ని గంటలకు, ఎవరు తీసుకెళ్ళారు, ఏ స్టేషన్ అన్నది ముందే ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి, వాళ్ళు మొదట అడిగేది అదే.