పేర్లు నాలుగు, చాసిస్ ఒకటే: బొమ్మ అడుగున నొక్కుకుపోతే

ఫెర్గూసన్, హెచ్‌ఎంవీ, అల్ట్రా, మార్కోనీఫోన్... పాత బ్రిటిష్ టీవీ సెట్ మీద వీటిలో ఏ పేరున్నా లోపల థార్న్ కంపెనీ 1500 చాసిసే (సర్క్యూట్లన్నీ బిగించిన లోపలి చట్రం) ఉండొచ్చు. వెనక మూత తీసి చూశాకే ధర మాట్లాడాలి.

నా దగ్గరున్న సెట్‌లో టెస్ట్ కార్డు (బొమ్మ సరిచూసుకునే నమూనా చిత్రం) వృత్తం అడుగున చదునైపోయింది. బొమ్మను పైనుంచి కిందికి పరిచే ఫ్రేమ్ వాల్వ్ పీసీఎల్805 మార్చినా తేడా లేదు. చూస్తే, దాని కాథోడ్ కాలికి ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ (లోపల ద్రవం ఉండే రకం) ఎండిపోయింది. అదే విలువది, 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం వేశాను. పక్కనున్న రెసిస్టర్ ఒక కాలు ఊడదీసి కొలిస్తే విలువ పెరిగిపోయి ఉంది, అదీ మార్చాను. ఆ తర్వాతే హైట్ (బొమ్మ ఎత్తు), లీనియారిటీ (పైనా కిందా సమానంగా పరుచుకోవడం) సరిచేసే నాబ్‌లు తిప్పాలి.

చాసిస్‌లో మెయిన్స్ కరెంటు ఉంటుంది. సెట్‌ను మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చెయ్యి పెట్టొద్దు.

కాంట్రాస్ట్ పెంచితే తెలుపు వెండిరంగుకి తిరుగుతోందా? పిక్చర్ ట్యూబ్ పని అయిపోవచ్చింది. అలాంటి సెట్ నేను కొనను.