నాన్న డబ్బు పోగొట్టుకున్న రోజు ఇంట్లో ఏం చేయాలి

'పోలీసులం, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం' అని వీడియో కాల్‌లో ఎవరో బెదిరిస్తే, మనతోనే ఉంటున్న నాన్న ఎఫ్‌డీ రద్దు చేసి మరీ డబ్బు పంపేశారు. లేదంటే చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కారు. "ఎన్నిసార్లు చెప్పాం మీకు!" అన్న మాట అప్పుడు నాలుక చివరి దాకా వస్తుంది. మింగేయండి. మర్యాద కోసం కాదు. తిట్లు తిన్న మనిషి మిగతాది దాస్తారు: రెండో ఖాతా నుంచి పంపిందీ, స్నేహితుడి దగ్గర చేబదులు తెచ్చిందీ. ఫిర్యాదుకు కావాల్సింది సరిగ్గా ఆ వివరాలే. "మొదట్నుంచి చెప్పండి నాన్నా, నేను రాసుకుంటా" అని కాగితం పట్టుకు కూర్చోండి.

ఈలోగా ఇంట్లో ఇంకొకరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పోయిన సొమ్ము నిమిషాల్లో ఖాతాలు మారిపోతుంది. దారిలో ఎక్కడ మిగిలి ఉంటే అక్కడే ఆపించగలరు, అందుకే ఈ తొందర. తేదీ, సమయం, మొత్తం, బ్యాంకు పేరు, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. యూపీఐ, ఐఎంపీఎస్ అయితే అది 12 అంకెలు. ఆర్టీజీఎస్ అయితే యూటీఆర్ అనే ఆ నంబరు 22 అక్షరాలు. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

బ్యాంకుకు కూడా వెంటనే చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించాలి. 2017 నాటి ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం, ఓటీపీ మనమే చెప్పి ఉంటే బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మన నష్టం; తెలియజేశాక పోయింది బ్యాంకు నష్టం. కాబట్టి ఫోన్‌తో సరిపెట్టకుండా, సమయం నమోదయ్యేలా మెయిల్ కూడా పంపండి.

ఏపీకే అయితే ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కాల్స్ అన్నీ వేరే ఫోన్ నుంచి చేయండి. సిగ్నల్ తిరిగి ఆన్ చేశాక ##002# డయల్ చేస్తే, మన కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లించే కాల్ ఫార్వార్డింగ్ రద్దవుతుంది. సిగ్గుతో పెద్దవాళ్లు ముందు చేసే పని చాట్ చెరిపేయడం. వద్దని చెప్పి స్క్రీన్‌షాట్లు తీయండి.

కష్టమంతా ఆ రాత్రి నుంచి మొదలవుతుంది. అన్నం సగంలో లేచిపోతారు, పొద్దున పార్కుకు వెళ్లడం మానేస్తారు, బీపీ మాత్ర మరిచిపోతారు. వారం రోజులు బీపీ, షుగర్ చూస్తూ ఉండండి. "నేనుండి ఏం లాభం" లాంటి మాట వినిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. నేరుగా అడగండి, ఒంటరిగా వదలకండి, నిద్రమాత్రలు మీ దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉండనే ఉంది.

చుట్టాలకు ఎవరికి చెప్పాలో ఆయన్నే నిర్ణయించనివ్వండి. అల్లుడి ముందో, మనవళ్ల ముందో పంచాయితీ పెడితే పోయిన డబ్బు కంటే అదే ఎక్కువ కాలం గుచ్చుతుంది.

మీ కోపం కూడా న్యాయమైనదే, ముఖ్యంగా అది పిల్ల పెళ్లికి దాచిన సొమ్మయితే. దాన్ని భార్యతోనో, భర్తతోనో, స్నేహితుడితోనో వెళ్లగక్కండి. వారం పోయాక నాన్నతో ఒక్కసారి సూటిగా చెప్పండి: "డబ్బు పోయినందుకు కాదు, మాకు చెప్పకుండా చేసినందుకు బాధేసింది." దెప్పిపొడుపులుగా రోజూ వడ్డించవద్దు.

ఫోన్ లాక్కోవడం చాలామంది చేసే పొరపాటు. దాంతో ఆయన పక్కవాళ్ల ఫోన్ మీద ఆధారపడతారు, మనకు కబురే అందదు. యూపీఐకి పది వేలు మించని చిన్న ఖాతా ఒక్కటే ఉంచి, రోజువారీ పరిమితి తగ్గించండి. పెద్ద ఎఫ్‌డీలకు ఇద్దరి సంతకాలూ ఉండాలనే షరతు పెట్టించండి, అదీ ఆయన ఒప్పుకున్నాకే.

"మీ సొమ్ము వెనక్కి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని మళ్లీ ఫోన్ రావచ్చు. అవమానం దిగమింగుకున్న మనిషి పోగొట్టింది రాబట్టి తలెత్తుకోవాలని దానికీ పడిపోతారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. నిలిపేసిన సొమ్ము సాధారణంగా కోర్టు ఉత్తర్వుతో తిరిగొస్తుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌లలోనూ ఇప్పిస్తున్నారు.

ఇంకొకటి. ఈ మధ్య ఒకే బిల్లు రెండుసార్లు కట్టడం, స్టవ్ ఆర్పడం మరిచిపోవడం కూడా గమనించారా? అయితే ఇది అజాగ్రత్త కాకపోవచ్చు. బీ12, థైరాయిడ్, సోడియం పరీక్షలు చేయించి, న్యూరాలజిస్టుకు చూపించండి.