పేషెంట్ లాగుతుంటే ప్లాటూ రాయొద్దు: వానాకాలం కేసులు మొదలయ్యేలోపు

ఈమధ్య ఒక ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి రాత్రంతా షీట్లో ప్లాటూ (గాలి నింపి క్షణం ఆపినప్పుడు ఊపిరితిత్తిలో ఉండే ఒత్తిడి) 22, 21, 22. పొద్దున డ్యూటీ మారాక మత్తు పెంచి, అవే సెట్టింగుల మీద హోల్డ్ (గాలిని క్షణం ఆపే బటన్) వేస్తే 34. మధ్యాహ్నానికి కుడివైపు న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చిట్లి ఛాతీలో గాలి చేరడం). రాత్రి హోల్డ్ నొక్కినప్పుడల్లా పేషెంట్ ఊపిరి లాగుతున్నాడు. ఆ లాగుడుకి ప్రెషర్ పడిపోయి 22 కనబడింది.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే నెల్లూరు, ఒంగోలు ఐసీయూలకు కట్లపాము కాట్లు, పురుగుమందు కేసులు, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) ముదిరి ఏఆర్‌డీఎస్‌లోకి (ఊపిరితిత్తులు వాచి నీరు పట్టడం) పోయినవాళ్లు వస్తారు. అలారాలు, కఫ్ ప్రెషర్ (గొంతులో ట్యూబ్ చుట్టూ ఉన్న బుడగ ఒత్తిడి) అందరికీ తెలిసినవే. ప్లాటూ కొలత సంగతి చూద్దాం.

కొలిచేది వాల్యూమ్ కంట్రోల్‌లో (ఊపిరికి ఇంత గాలి అని పెట్టే పద్ధతి), స్క్వేర్ ఫ్లోతో (గాలి మొదట్నుంచి చివరిదాకా ఒకే వేగం). ఫ్లో నిమిషానికి 60 లీటర్లు పెడితే లెక్క తేలిక: సెకనుకు లీటరు కాబట్టి పీక్‌లోంచి (గాలి తోసేటప్పటి గరిష్ఠ ఒత్తిడి) ప్లాటూ తీసేస్తే మిగిలేదే రెసిస్టెన్స్, అంటే గాలి దారిలో అడ్డు. హోల్డ్ అర సెకను నుంచి ఒక సెకను. అంతకు మించి పట్టుకుంటే, ఎక్కడన్నా లీకుంటే నంబరు దిగుతూనే ఉంటుంది.

నంబరు కంటే ముందు స్క్రీన్ మీద ప్రెషర్ గీత చూడండి. పీక్ నుంచి దిగి బల్లపరుపుగా సాగితే సరే. ఉయ్యాలలా కిందికి వంగిందా, పేషెంట్ లాగుతున్నాడు, నంబరు తక్కువ వస్తుంది. తోక పైకి లేచిందా, పొట్ట బిగించి తోస్తున్నాడు, ఎక్కువ వస్తుంది. ఒక చెయ్యి పొట్టమీద పెట్టి రెండో చేత్తో హోల్డ్ నొక్కండి, స్క్రీన్ మీద దొరకనిది చేతికి దొరుకుతుంది. అనుమానమొస్తే ఆ నంబరు కొట్టేసి, డ్యూటీ డాక్టర్‌తో చెప్పి మత్తు పెంచి మళ్లీ కొలవండి.

తర్వాత ఎక్స్‌పిరేటరీ హోల్డ్ (ఊపిరి వదిలాక ఆపడం), మూడు సెకన్లు. ఇక్కడా లాగుతుంటే రాయొద్దు. టైడల్ (ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) 360 మిల్లీలీటర్లు, ప్లాటూ 26, పెట్టిన పీప్ (ఊపిరి వదిలాక లోపల మిగిలే ఒత్తిడి) 8 అనుకోండి. ప్లాటూకీ పీప్‌కీ తేడా 18, కంప్లయన్స్ (ఊపిరితిత్తి సాగే గుణం, టైడల్‌ని తేడాతో భాగిస్తే వచ్చేది) 20. హోల్డ్‌లో మొత్తం పీప్ 12 అని తేలితే తేడా 14, కంప్లయన్స్ దాదాపు 26. లోపల గాలి చిక్కుకుంటే ఊపిరితిత్తి గట్టిపడిందని పొరబడేది ఇక్కడే. రేటు తగ్గించి, గాలి బయటికి పోయే టైమివ్వాలి.

పురుగుమందు కేసులో పీక్ 45, ప్లాటూ 20 ఉంటే ఊపిరితిత్తి మెత్తగానే ఉంది, దారి ఇరుకైంది. టైడల్ తగ్గించి లాభం లేదు. సక్షన్ (కఫం లాగడం), అట్రోపిన్ (ఊట తగ్గించే మందు), ట్యూబ్ మడత, తడిసిన ఫిల్టర్ చూడండి. పీక్, ప్లాటూ రెండూ కలిసి లేస్తే న్యూమోథొరాక్స్, కుడివైపుకి దిగిపోయిన ట్యూబ్, ఉబ్బిన పొట్ట.

కట్లపాము కేసు విషానికి కండరాలు పడిపోయి కదలడు, గీత శుభ్రంగా వస్తుంది. అయితే రెప్ప ఎత్తలేకపోయినా అతనికి అన్నీ వినబడుతుంటాయి. "అయ్యా, ఒక్క క్షణం గాలి ఆగుద్ది, భయపడొద్దు" అని చెవిలో చెప్పి నొక్కండి. కండరాలు తేరుకోవడం మొదలయ్యాక నిన్నటి గీతని నమ్మి ఇవాళ్టి నంబరు రాయొద్దు. లాగుతుంటే రాయొద్దు.

పురుగుమందు కేసుకి సక్సినైల్‌కోలిన్ (ట్యూబ్ వేసేటప్పుడు కండరాలు వదులు చేసే మందు) వద్దు. టైడల్ లెక్క తూకం మీద కాదు, ఎత్తు మీద: 165 సెంటీమీటర్ల మగమనిషికి ఎత్తు లెక్కన 61.5 కిలోలు, కిలోకి 6 చొప్పున దాదాపు 370 మిల్లీలీటర్లు. ప్లాటూ 30 దాటనివ్వొద్దు. డ్రైవింగ్ ప్రెషర్ (ప్లాటూలోంచి మొత్తం పీప్ తీసేస్తే మిగిలేది) 15 లోపు. ప్రెషర్ కంట్రోల్‌లో (గాలి బదులు ఒత్తిడి ఇంత అని పెట్టే పద్ధతి) చివర ఫ్లో సున్నాకి రాకుంటే పీక్‌ని ప్లాటూ అని రాయొద్దు. సక్షన్ చేసిన వెంటనే కొలవొద్దు. సర్క్యూట్లో నీళ్లు ముందే వంచేయండి. ఛాతీ డ్రెయిన్‌లో బుడగలొస్తుంటే ఆ ప్లాటూ లెక్కలోకి రాదు. రెండు పూటలా ఒకే పొజిషన్‌లో కొలవండి. కరెంటు పోయి జనరేటరు అందుకునేదాకా హోల్డ్ జోలికి పోవద్దు. చేత్తో నొక్కి ఊపిరిచ్చే ఆంబు బ్యాగ్ మంచం తలాపునే ఉండాలి. షీట్లో ప్లాటూ పక్కన టైము, మత్తు మోతాదు, "లాగడం లేదు" అనే మాట. గీత వంగితే గడి ఖాళీగా వదిలేసి డ్యూటీ డాక్టర్‌ని పిలవండి.