పేజీ ఎక్కడ చెడింది? విద్యార్థి పత్రిక లేఔట్, కవర్: సమస్యలు - పరిష్కారాలు

పేజీ బాగాలేదని చూడగానే తెలుస్తుంది. ఎందుకు బాగాలేదో మాత్రం తెలియదు. అప్పుడు మనం చేసే మొదటి పని ఫాంట్ మార్చడం. అది కుదరకపోతే ఇంకో ఫాంట్, తర్వాత ఒక రంగు, చుట్టూ ఒక బార్డర్. తెల్లారితే ప్రెస్‌కి పంపాలన్న టెన్షన్‌లో ఇదంతా సహజమే. కానీ లోపం కనిపించే చోటు ఒకటి, పుట్టిన చోటు ఇంకొకటి. చాలాసార్లు అది సాఫ్ట్‌వేర్ తెరవక ముందే పుట్టి ఉంటుంది.

మొదటి పేజీలో కన్ను ఎక్కడా ఆగడం లేదు

నాలుగు వార్తలు, నాలుగు హెడ్డింగులు, అన్నీ దాదాపు ఒకే సైజు. మూడు ఫోటోలు, అవీ అంతే. దీన్ని డిజైన్ లోపం అనుకుంటాం గానీ, అసలు సంగతి డెస్క్‌లో లీడ్ వార్త, అంటే పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏదో తేలలేదు. రాసిన నలుగురూ మన మిత్రులే, ఎవరినీ నొప్పించలేక అందరికీ సమానంగా పంచేశాం.

ముందు లీడ్ ఏదో తేల్చుకోండి, ఒకే ఒక్కటి. ఏ3 సైజు పేజీలో లీడ్ హెడ్డింగ్ 60 పాయింట్లు ఉంటే రెండోది 36, మిగతావి 24 దగ్గర ఉంచండి. తేడా 60కి 52 లాగా ఉంటే పాఠకుడికి తేడాలా కాదు, పొరపాటులా కనిపిస్తుంది. ఫోటోల్లోనూ ఒకటి మిగతావాటికి కనీసం రెట్టింపు ఉండాలి. సరిపోయిందో లేదో చూడడానికి పేజీని 25 శాతానికి జూమ్ తగ్గించండి. అక్షరాలు చదవలేని ఆ సైజులో కూడా ముందు ఎక్కడ చూడాలో తెలియాలి.

ఒకే సైజు హెడ్డింగులు రెండు పక్కపక్కన పడితే పాఠకుడు రెండూ కలిపి ఒకే వాక్యంగా చదివేస్తాడు. పరీక్షల వార్త, నాటకోత్సవం వార్త కలిసిపోతే నవ్వు రావచ్చు గానీ, ఆ నవ్వు మన మీదే. మధ్యలో ఫోటో గానీ బాక్స్ గానీ పెట్టండి, లేదా ఒకదాన్ని కిందికి దించండి.

మ్యాటర్ పట్టడం లేదు, లేదా ఖాళీ మిగిలింది

పట్టకపోతే అక్షరాలు అర పాయింటు తగ్గించడం, మిగిలితే లైన్ల మధ్య జాగా పెంచడం అందరూ చేసేదే. ఒక పేజీలో చేస్తే పక్క పేజీతో పోల్చినప్పుడు ఇట్టే దొరికిపోతుంది. అసలు కారణం, ఎంత రాయాలో రిపోర్టర్‌కి ఎవరూ చెప్పలేదు.

మీ ఫాంట్, మీ సైజు, మీ కాలమ్ వెడల్పుతో ఏదైనా పాత వార్తను పెట్టి, 10 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని పదాలు పట్టాయో ఒక్కసారి లెక్కపెట్టండి. ఆ సంఖ్యను గోడ మీద అంటించండి. ఇంగ్లిష్ పత్రికల లెక్కలు ఇక్కడ పనికిరావు, తెలుగు పదాలు పొడవు. తర్వాత కాగితం మీద పెన్సిల్‌తో డమ్మీ (పేజీ నమూనా) గీసి, ఏ వార్తకు ఎంత చోటో అందులో రాయండి. అప్పుడు రిపోర్టర్‌కి "కొంచెం చిన్నగా రాయి" అనక్కర్లేదు, "180 పదాలు" అని చెప్పవచ్చు.

అయినా ఎక్కువైతే చివరి పేరా నుంచి కొయ్యండి. ముఖ్యమైనదంతా ముందే ఉండాలని వార్త రాసేవాళ్లకు నేర్పేది అందుకే. తక్కువైతే ఫోటో పెంచండి, లేదా వార్తలోని ఒక మంచి మాటను పెద్ద అక్షరాల్లో పైకి తీయండి.

తెలుగు చెదిరిపోయింది

ఇందులో నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి, మందులు వేరు.

మ్యాటర్ తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది అను లాంటి పాత పద్ధతి ఫాంట్‌లో టైప్ చేసింది. ఆ ఫైల్లో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చారు, ఫాంట్ తీసేస్తే బొమ్మలూ పోతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలోకి, మార్చుకోవాలి. మార్చాక ప్రూఫ్ తప్పనిసరిగా చూడాలి, ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తేడాలు వస్తుంటాయి. దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. యూనికోడ్ మ్యాటర్‌ని పేజ్‌మేకర్ అనే పాత పేజీ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలే వస్తాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, కుస్తీ పట్టి లాభం లేదు.

అక్షరాలు తెలుగే గానీ ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే ఫాంట్‌ని తిట్టకండి. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. సెలెక్ట్ చేసి ఒక్కచోట మార్చడం కాదు, పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే మార్చండి. లేకపోతే వచ్చే సంచికలో ఇదే పని మళ్లీ చేస్తారు. స్క్రైబస్ వాడేవాళ్లకు 1.4 వెర్షన్‌లో తెలుగు కుదరదు, 1.6కి మారాలి.

మూడోది, పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడడం. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే లైన్ల దూరం అక్షరం సైజుకు 120 శాతం. ఇంగ్లిష్‌కి అది చాలు. మనకు "రాష్ట్రం" లాంటి మాటలో ఒత్తు కింద ఇంకో ఒత్తు దిగుతుంది. బాడీ మ్యాటర్ 10 పాయింట్లయితే లైన్ల దూరం 14.5 నుంచి 15 పెట్టండి. రెండు లైన్ల హెడ్డింగుల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దూరం మరీ పెంచితే రెండు లైన్లూ వేర్వేరు హెడ్డింగుల్లా విడిపోతాయి. అలాంటప్పుడు నేను హెడ్డింగే తిరగరాస్తాను. ఒత్తున్న మాటను కింది లైనుకు దించితే చాలా వరకు చిక్కు తీరిపోతుంది. తెలుగు పేజీ పెట్టేవాడికి తెలుగు రాయడం కూడా రావాలి అనేది ఇందుకే.

నాలుగోది చిన్నదే గానీ చిరాకు పెడుతుంది. "క్లాస్‌రూమ్" అని రాస్తే "క్లాస్రూమ్" అని పడుతుంది. పొల్లు తర్వాత వచ్చిన అక్షరం ఒత్తుగా మారిపోయింది. రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో స్పెషల్ క్యారెక్టర్ల మెనూలో నాన్ జాయినర్ పేరుతో ఉంటుంది.

ఫాంట్‌లో బోల్డ్ లేకపోయినా గీత మందం పెంచి బోల్డ్ చేసేవాళ్లున్నారు. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, వాటి లోపలి ఖాళీలు పూడిపోతాయి. హెడ్డింగ్‌కి రామభద్ర లాంటి లావు అక్షరాల ఫాంట్ వాడండి, బాడీకి మండలి లాంటిది. రెండూ ఉచితంగా దొరుకుతాయి.

కాలమ్‌లో పదాల మధ్య గుంతలు

ఇరుకు కాలమ్, పొడవు పదాలు, రెండు వైపులా సమానంగా సర్దే జస్టిఫై. మూడూ కలిస్తే గుంతలు పడక తప్పదు. ఏ3 పేజీకి రెండు పక్కలా 12 మిల్లీమీటర్ల చొప్పున మార్జిన్ వదిలి, కాలమ్‌ల మధ్య 5 మిల్లీమీటర్లు ఉంచితే, ఆరు కాలమ్‌లు చేసినప్పుడు ఒక్కోటి 41 మిల్లీమీటర్లే వస్తుంది. నాలుగు చేస్తే 64.5. నాలుగే చేయండి. కాలమ్ ఇరుకుగానే ఉండాల్సి వస్తే జస్టిఫై వదిలేసి ఎడమవైపుకు సర్దండి. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా చదవడానికి హాయిగా ఉంటుంది.

స్క్రీన్ మీద బాగున్న ఫోటో అచ్చులో అలుక్కుపోయింది

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో అయి ఉంటుంది. అది ఫోటోను కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటో అంగుళానికి 300 చొప్పున అచ్చయితే 4 అంగుళాలే వస్తుంది, అంటే 10 సెంటీమీటర్లు. న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికల కాగితం) మీద 200 చాలు కాబట్టి 15 దాకా లాగవచ్చు. రిజల్యూషన్ గడిలో 72 తీసేసి 300 అని టైప్ చేసినంత మాత్రాన లేని వివరం పుట్టుకురాదు.

న్యూస్‌ప్రింట్ సిరా పీలుస్తుంది, ముఖాలు నల్లబడతాయి. మధ్యస్థాయి నీడల్ని కొంచెం తెల్లబరచి పంపండి.

కవర్ మీద పేరు కనిపించడం లేదు

అక్షరాలకు ముందు నీడ, తర్వాత తెల్ల అంచు, ఆ తర్వాత మెరుపు తగిలిస్తున్నారంటే ఫోటో ఎంపికే తప్పని గుర్తు. చెట్లు, జనం, బ్యానర్లతో నిండిన ఫోటో మీద ఏ రంగు అక్షరమూ నిలవదు. ఫోటో తీసేవాళ్లకు ముందే చెప్పాలి: నిలువుగా తీయండి, పైన మూడో వంతు ఆకాశమో గోడో ఖాళీగా వదలండి. ముప్పై మంది గ్రూప్ ఫోటోలో ముప్పై చుక్కలే కనిపిస్తాయి. అందులోంచి ఇద్దరిని దగ్గరగా కత్తిరిస్తే కవర్ అవుతుంది. మంచి ఫోటో దొరక్కపోతే ఒకే రంగు నేపథ్యం మీద పెద్ద అక్షరాలతో కవర్ చేయడానికి భయపడకండి.

అంచులు తెగిపోవడం ఇంకో గొడవ. మా పత్రిక ఒక సంచికలో కింద వేసిన ఫోటోగ్రాఫర్ పేరు సగానికి తెగి వచ్చింది. ప్రెస్ వాళ్ల తప్పేం లేదు, నేను అంచుకు 2 మిల్లీమీటర్ల దూరంలో పెట్టాను. కత్తి అటూ ఇటూ జరుగుతుంది. రంగు, ఫోటో పేజీ బయటికి 3 మిల్లీమీటర్లు పొంగాలి, అక్షరాలు అంచు నుంచి కనీసం 6 మిల్లీమీటర్లు లోపల ఉండాలి.

స్క్రీన్ మీది నీలం అచ్చులో వెలవెలబోతే, స్క్రీన్ వాడే ఆర్‌జీబీలో చేసిన రంగు, అచ్చులో వాడే నాలుగు సిరాల సీఎంవైకేలోకి మారినప్పుడు వాడిపోయిందన్నమాట. ఫైల్‌ని మొదటి నుంచే సీఎంవైకేలో పెట్టుకుంటే ముందే తెలుస్తుంది. నల్ల అక్షరాల చుట్టూ రంగు నీడలు వస్తే ఆ నలుపు నాలుగు సిరాలతో కలిపిందని అర్థం. చిన్న అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే 100 శాతం ఉండాలి.

ప్రెస్ వాళ్లు ఫైల్ వెనక్కి పంపారు

పేజీలు పది ఉన్నాయేమో చూడండి. మడిచి పిన్ కొట్టే పత్రికకు నాలుగు చొప్పునే పెరగాలి, 8 లేదా 12. రెండు పేజీలకు పరిచిన పెద్ద ఫోటో నడిమి పేజీల్లోనే ఒకే కాగితం మీద పడుతుంది, వేరేచోట రెండు ముక్కలు కలవకపోవచ్చు. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో (ఫైల్ లోపలే చేరాయో) లేదో చూసి, ఆ ఫాంట్లు లేని ఇంకొకరి కంప్యూటర్లో తెరవండి.

చివరి చూపు పేజీ పెట్టినవాళ్లు చూడకూడదు. మ్యాటర్ చదవని మనిషికి ఇచ్చి హెడ్డింగులు, ఫోటోల కింది పేర్లు, పేజీ పైన తేదీ, సంచిక సంఖ్య మాత్రం చదవమనండి. పాత ఫైల్ మీదే కొత్త పేజీ కట్టాం కాబట్టి పోయిన నెల తేదీ అక్కడే ఉండిపోయి ఉంటుంది. "మిగతా 3లో" అన్నచోట 3వ పేజీ తిప్పి, ఆ మిగతా నిజంగా అక్కడుందో లేదో కూడా చూడమనండి.