గట్టి అట్టా, మెత్తటి అట్టా? ముందు కుట్టు చూడండి

ఒకే పుస్తకం హార్డ్‌బౌండ్‌లోనూ పేపర్‌బ్యాక్‌లోనూ దొరికితే చాలామంది వేసుకునే లెక్క ఒకటే: గట్టి అట్ట ఉంది కదా, ఎక్కువ కాలం వస్తుంది, డబ్బులుంటే అదే తీసుకోవాలి. ఈ లెక్క సగమే నిజం. పుస్తకం చాలాసార్లు అట్ట దగ్గర కాకుండా వెన్ను దగ్గర చెడుతుంది. ఆకులను పట్టి ఉంచేది దారమా, జిగురా అన్నదాన్ని బట్టే దాని ఆయుష్షు ఉంటుంది. దారంతో కుట్టిన పేపర్‌బ్యాక్ జిగురుతో అంటించిన హార్డ్‌బౌండ్ కన్నా ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది.

వరంగల్, కరీంనగర్, రామగుండం, ఆదిలాబాద్ వైపు ఉండేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎండకాలం 44, 45 డిగ్రీల వేడి, ఆ వెంటనే వానకాలం చెమ్మ. ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి ముందు జిగురునే పరీక్షిస్తాయి.

కుట్టు ఉందో లేదో కనుక్కోవడం

పుస్తకాన్ని మూసి పట్టుకుని, పై అంచును కంటికి దగ్గరగా తెచ్చి వెన్ను వైపు చూడండి. ఆకులు చిన్న చిన్న కట్టలుగా, ఒక్కో కట్ట మడత దగ్గర గుండ్రంగా కనిపిస్తే అవి మడత పెట్టిన ఫారాలు. సాధారణంగా ఒక ఫారంలో 16 పేజీలు, అంటే 8 ఆకులు ఉంటాయి. కట్టలేవీ లేకుండా ఆకులన్నీ రంపంతో కోసినట్టు ఒకే తిన్నని గీతలో ఉంటే అది గమ్ బైండింగ్. అందులో మడతలన్నీ కోసేసి, వెన్నుకు వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు.

కట్టలు కనిపించినంత మాత్రాన కుట్టు ఉన్నట్టు కాదు. ఫారాల మడతకు గాట్లు పెట్టి, ఆ గాట్లలోకి జిగురు దించి అంటించే పద్ధతి కూడా ఉంది. పై నుంచి చూస్తే అచ్చం కుట్టినట్టే ఉంటుంది. అందుకని ఏదైనా ఒక కట్టకు సరిగ్గా మధ్య, నాలుగో ఆకుకూ ఐదో ఆకుకూ నడుమ తెరవండి. అక్కడ నిలువునా తెల్ల దారం కనిపించాలి. దారం కంటపడితేనే కుట్టు.

హార్డ్‌బౌండ్ వెన్ను పైనా కిందా ఎరుపు, పసుపు చారల పట్టీ ఉంటుంది కదా, దాన్ని చూసి మోసపోవద్దు. ఇప్పుడు వచ్చే పుస్తకాల్లో అది చాలావరకు అందం కోసం అంటించిన ముక్క. దానికీ కుట్టుకూ సంబంధం ఉండదు.

తర్వాత పుస్తకాన్ని సగంలో తెరిచి బల్ల మీద పెట్టండి. కుట్టినదైతే చెయ్యి తీసినా చాలావరకు తెరుచుకునే ఉంటుంది. గమ్ బైండింగ్ అయితే మూసుకుపోతుంది. దుకాణంలో దాన్ని బలవంతంగా విప్పి నొక్కితే వెన్ను మీద తెల్ల గీత పడుతుంది. పేజీలు ఊడడం ఆ గీత దగ్గరే మొదలవుతుంది, కాబట్టి నొక్కకండి. లోపలి మార్జిన్ ఎంతుందో మాత్రం చూడండి. లావు పుస్తకంలో అచ్చు మొదలయ్యే చోటికీ మడతకూ మధ్య 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటే హాయిగా చదవచ్చు. 12 కన్నా తక్కువైతే ప్రతి వరుసలో మడత వైపు ఉన్న అక్షరాలు లోపలికి పోతాయి. వాటి కోసం పుస్తకాన్ని విరిచి పట్టుకోవాల్సి వస్తుంది, అలా విరిచిన వెన్ను ఎక్కువ రోజులు ఆగదు.

కాగితాన్ని కూడా చూడాలి. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మాప్లితో, అంటే పుస్తకాలకు వాడే నున్నటి తెల్ల కాగితం, ఉంటే నిశ్చింత. 60 కూడా పనికొస్తుంది, వెనక పేజీ అచ్చు కొంచెం కనిపిస్తుంది అంతే. న్యూస్‌ప్రింట్ మీద అచ్చు వేసి గట్టి అట్ట వేసిన పుస్తకానికి అదనపు ధర పెట్టకండి. అట్ట బాగానే ఉంటుంది, లోపలి కాగితం గోధుమ రంగుకు తిరిగి, పెళుసై విరుగుతుంది.

బరువు, చోటు

పుస్తకాలకు మామూలుగా వాడే డెమ్మీ 1/8 సైజు అంటే దాదాపు 14 × 21.6 సెంటీమీటర్లు. 300 పేజీలంటే 150 ఆకులు. 70 జీఎస్‌ఎం మీద ఆ ఆకుల బరువే సుమారు 320 గ్రాములు. పేపర్‌బ్యాక్ అట్ట, జిగురు కలిపినా 350 దాటదు. అదే పుస్తకానికి 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు (గట్టి అట్ట), ఎండ్ పేపర్లు (అట్టకూ ఆకులకూ మధ్య అంటించే కాగితాలు), పైన కాలికో అనే బైండింగ్ గుడ్డ వేస్తే 440 దాకా పోతుంది. వంద గ్రాముల తేడా బల్ల మీద తెలియదు. పడుకుని చదివేవాళ్లకు, మణికట్టు నొప్పి ఉన్న పెద్దవాళ్లకు, కాజీపేటలో రైలెక్కి నిలబడి చదివేవాళ్లకు బాగా తెలుస్తుంది.

అల్మారాలోనూ తేడా ఉంటుంది. ఆ 300 పేజీల పేపర్‌బ్యాక్‌లు 3 అడుగుల అరలో అరవై దాకా పడితే, హార్డ్‌బౌండ్‌లు నలభై ఎనిమిదికి మించవు. రెండు రకాలకూ బరువు ఇరవై కిలోల పైనే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అరకు మధ్యలో ఆధారం లేకపోతే కొన్నేళ్లకు కిందికి వంగుతుంది.

లావు హార్డ్‌బౌండ్‌కు ఉన్న ఒక చిక్కు చాలామందికి తెలియదు. దాని అట్ట లోపలి ఆకుల కన్నా మూడు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది. పుస్తకాన్ని నిలబెడితే అట్ట మాత్రమే అరకు ఆనుతుంది, ఆకుల బరువంతా గాలిలో వేలాడుతూ వెన్నును కిందికి లాగుతుంది. నిఘంటువుల్లో మొదటి ఎండ్ పేపర్ మడత దగ్గర చిరిగేది అందుకే. నాలుగు సెంటీమీటర్లకు మించి లావున్న వాటిని పడుకోబెట్టండి, మూడు నాలుగుకు మించి ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఎవరికి ఏది

పోటీ పరీక్షల పుస్తకాలకు పేపర్‌బ్యాక్ చాలు. హనుమకొండలో గదులు తీసుకుని గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఆ పుస్తకాన్ని రోజూ సంచిలో మోస్తారు, గీతలు గీస్తారు, సిలబస్ మారితే పక్కన పెడతారు. గట్టి అట్టకు పెట్టే డబ్బు అక్కడ వృథా. పుస్తకం 700 పేజీలు దాటి గమ్ బైండింగ్ అయితే మాత్రం ఆకులు ఊడేదాకా ఆగొద్దు. కొన్న వారంలోనే అధ్యాయం పూర్తయ్యే చోట రెండుగా విడదీయించి, ఒక్కో భాగానికి విడిగా మెత్తటి అట్ట వేయించండి. స్పైరల్ వేయించాలంటే రంధ్రాలు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మార్జిన్ తింటాయి, ముందే కొలుచుకోండి.

ఒకసారి చదివి మరొకరికి ఇచ్చే నవలలు, కథల పుస్తకాలకూ పేపర్‌బ్యాకే. నిఘంటువు, వ్యాకరణం, రోజూ వ్యాసపీఠం మీద పెట్టి పారాయణం చేసే గ్రంథం అయితే కుట్టిన హార్డ్‌బౌండ్‌కు ఎంతైనా పెట్టవచ్చు. విప్పి పెడితే చెయ్యి అడ్డం పెట్టకుండానే తెరుచుకుని ఉండాలి, అది ఎక్కువగా కుట్టుతోనే సాధ్యం.

గ్రంథాలయాలది వేరే లెక్క. హనుమకొండలోని శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నాటిది. అంత దీర్ఘకాలం పదిమందికీ పుస్తకాలు అందించాలనుకునే చోట, ఊరి బడిలో గ్రంథాలయం పెట్టినా సరే, కొనేటప్పుడే బైండింగ్ ఖర్చు కలుపుకుని లెక్క వేసుకోవాలి. పుస్తకాలు దానం చేసేవాళ్లు నాలుగు పుస్తకాలు తగ్గించి, మిగతావి బైండు చేయించి ఇస్తే మేలు.

పేపర్‌బ్యాక్ కొని బైండు చేయించడం

కొత్త తెలుగు పుస్తకాలు ఎక్కువగా పేపర్‌బ్యాక్‌లోనే వస్తాయి. కాబట్టి మనకు నిజంగా ఉన్న దారి, మంచి కాగితం ఉన్న పేపర్‌బ్యాక్ కొని, దగ్గర్లో చేతితో బైండు చేసే మనిషికి ఇవ్వడం. ఫలానాలా చెయ్యమని ముందే చెప్పకపోతే అన్ని పుస్తకాలకూ ఒకే పద్ధతి పడుతుంది: పక్క నుంచి రంధ్రాలు కొట్టి సైడ్ కుట్టు. ఇది గట్టిగా ఉంటుంది కానీ లోపలి మార్జిన్‌లో 6 నుంచి 8 మిల్లీమీటర్లు మింగేస్తుంది. మార్జిన్ 20 ఉన్న పుస్తకానికి ఫరవాలేదు. 12 ఉన్నదానికి వేస్తే ఇక ఆ పుస్తకం తెరుచుకోదు, జిరాక్స్‌కు నొక్కితే కాగితం కుట్టు వెంబడి చిరుగుతుంది.

మార్జిన్ తక్కువ ఉన్నప్పుడు అడగాల్సింది వేరే. పాత జిగురు తీసేసి, వెన్నుకు అడ్డంగా నాలుగైదు చోట్ల 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతు కోతలు పెట్టి, వాటిలో దారం దించి ఫెవికాల్ పూయాలి. పూసేటప్పుడు ఆకులను ఒక పక్కకు వంచి ఒకసారి, రెండో పక్కకు వంచి ఒకసారి పూస్తే జిగురు ప్రతి ఆకు అంచుకూ సన్నగా అందుతుంది. ఆపైన వెన్ను మీద పలుచటి జాలీ గుడ్డ అంటించి, అది రెండు పక్కలా అంగుళం చొప్పున అట్ట లోపలికి వచ్చేలా చూడమనండి. ఆ గుడ్డే అట్టనూ ఆకులనూ కలిపి పట్టుకుంటుంది. దాన్ని వదిలేసి ఎండ్ పేపర్ ఒక్కటే అంటిస్తే ఏడాదిలో అట్ట చేతికొస్తుంది. మొదటినుంచీ ఫారాలుగా కుట్టిన పుస్తకమైతే దాని కుట్టును కొయ్యనివ్వకండి, పాత కుట్టు మీదే కొత్త అట్ట వేయించండి.

ఇంకో మూడు మాటలు కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టి ఇవ్వండి. అసలు ముఖచిత్రం పారేయకుండా లోపల అంటించాలి. కటింగ్ ఒక్కో అంచుకు 2 మిల్లీమీటర్లు దాటకూడదు, లేదంటే పేజీ నంబర్లు ఎగిరిపోతాయి. మైదా లై వాడితే అందులో కాస్త మైలుతుత్తం కలపాలి. మైదా అంటే పురుగుకు తిండే. మైలుతుత్తం విషం కాబట్టి ఆ పని పిల్లల చేతికి అందని చోట జరగాలి.

అట్ట వేశాక కనీసం ఒక రాత్రి, రోజంతా అయితే ఇంకా మంచిది, బరువు కింద ఉండాలి. వానకాలంలో రెండు రోజులు ఉంచాలి. తొందరపెట్టి తెచ్చుకుంటే లోపలి తడికి అట్ట వంగుతుంది, ఎండ్ పేపర్ మీద బూజు చుక్కలు వస్తాయి. అత్యవసరం లేకపోతే ఈ పని సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు పెట్టుకోండి.

ఎండ, చెమ్మ, పురుగు

గమ్ బైండింగ్‌లో వాడే వేడి జిగురు వేడికి మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద గానీ బండి డిక్కీలో గానీ లావు పేపర్‌బ్యాక్ ఉంచితే జిగురు వదులై ఆకులు జారతాయి. మళ్లీ చల్లారాక గట్టిపడుతుంది కానీ జారిన చోటే గట్టిపడుతుంది. హార్డ్‌బౌండ్‌లోనూ వెన్నుకు అదే జిగురు ఉంటే అదే గతి.

వానకాలంలో కొత్త పేపర్‌బ్యాక్ అట్ట మూల పైకి లేస్తే అది అచ్చులో లోపం అనుకోకండి. అట్ట పై వైపు ప్లాస్టిక్ లామినేషన్ ఉంటుంది, దానికి చెమ్మ ఎక్కదు. లోపలి వైపు కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది, దాంతో అట్ట బయటికి వంకర తిరుగుతుంది. పొడి రోజుల్లో బరువు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. వరద నీళ్లలో తడిస్తే మాత్రం హార్డ్‌బౌండ్‌కే కష్టం ఎక్కువ. బోర్డు నీళ్లు తాగి ఉబ్బి రోజుల తరబడి ఆరదు. అట్ట లోపలి పక్కన కాగితం పెట్టి గంటకోసారి మారుస్తూ, ఫ్యాన్ గాలికి నీడలో ఆరబెట్టాలి.

సిల్వర్‌ఫిష్ పురుగుకు గంజి, గుడ్డ ఇష్టం. కాలికో బైండు పుస్తకాలను అది ముందు పట్టడానికి కారణం అదే, పేపర్‌బ్యాక్‌లో దానికి తిండి తక్కువ. అల్మారాను గోడకు రెండు మూడు అంగుళాలు ఎడంగా, చెదలు ఎక్కకుండా కాళ్ల మీద పెట్టండి. పురుగు కనిపించిన పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో గాలి తీసేసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే పురుగు చస్తుంది. బయటికి తీశాక సంచిని ఒక రోజంతా విప్పకూడదు, విప్పితే పుస్తకం మీద నీరు పడుతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) ఉన్న పుస్తకమైతే హార్డ్‌బౌండ్‌కు ఒకటి, పేపర్‌బ్యాక్‌కు ఇంకొకటి ఉంటుంది. అమ్మే పేజీలో రాసిన 13 అంకెలను ప్రచురణకర్త చెప్పిన అంకెలతో పోల్చుకుంటే ఏది వస్తుందో తెలుస్తుంది. ఫొటోను నమ్మకండి.

పార్సిల్ రాగానే ముందు మూలలు నలిగాయేమో చూడండి, హార్డ్‌బౌండ్‌లో బోర్డు మూల ఒకసారి నలిగితే మళ్లీ నిటారుగా రాదు. తర్వాత పేజీ నంబర్లు వరుసగా తిప్పండి. తప్పు జరిగితే ఎక్కువగా ఫారం లెక్కన జరుగుతుంది: 48 తర్వాత 65 రావడం, లేదా అవే 16 పేజీలు రెండుసార్లు కుట్టి ఉండడం. తెల్ల పేజీలు కూడా ఉండవచ్చు. వాపసు ఇచ్చే గడువు దాటకముందే, పేరు రాసుకోకముందే ఈ పని ముగించండి.