చెస్‌లో పావులు ఊరికే పోతున్నాయా? ముందు ఇవి చూడండి

కావలిలోనో కందుకూరులోనో ఇంటి అరుగు మీద ఆడే గేములైనా, ఒంగోలులో పిల్లల టోర్నమెంటైనా ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు) తెలీక ఓడేది తక్కువ. కాపలా లేని పావును అవతలివాళ్ళు లేపేస్తే ఓడేదే ఎక్కువ. కాబట్టి ప్రతి ఎత్తుకు ముందు రెండే చూడండి: మన పావుల్లో, వాళ్ళ పావుల్లో కాపలా లేనిది ఏది, నేను ఇవ్వగలిగిన చెక్కులు ఏవి.

ఫోర్క్ అంటే ఒకే పావుతో రెండింటి మీద దాడి. బంటు కూడా చేస్తుంది గానీ అసలు భయం గుర్రంతోనే. నల్ల గడిలో ఉన్న గుర్రం తెల్ల గళ్ళ మీదే దాడి చేస్తుంది, తెల్ల గడిలో ఉంటే నల్లవాటి మీద. అంటే రాజు, మంత్రి ఒకే రంగు గళ్ళలో ఉన్నాయంటే గుర్రానికి అక్కడేదైనా పని ఉందేమో వెతకాల్సిందే.

పిన్ అంటే ముందున్న పావు కదిలితే వెనకున్న విలువైన పావు దాడికి దొరికేలా కట్టేయడం. దీని దగ్గర చాలామంది పొరబడతారు. వెనక రాజు ఉంటేనే ముందున్న పావు కదలకూడదు, మంత్రి ఉంటే కదలొచ్చు. ఇది బోర్డు మీద పేర్చి చూడండి (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; జతలో మొదటిది తెల్లవాళ్ళ ఎత్తు, రెండోది నల్లవాళ్ళది; పావు పేరు లేకపోతే బంటు): ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 డీ6, ఒంటె సీ4 ఒంటె జీ4, గుర్రం సీ3 జీ6. ఇప్పుడు తెల్ల గుర్రం దర్జాగా ఈ5 బంటును కొడుతుంది. నల్లవాళ్ళు ఆశపడి మీ మంత్రిని తిన్నారా, ఒంటెతో ఎఫ్7 కొట్టి చెక్, రాజుకు ఈ7 తప్ప దారి లేదు, రెండో గుర్రం డీ5కి వస్తే మేట్! 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడి పేరుతో దీన్ని లెగాల్ మేట్ అంటారు. మంత్రి జోలికి రాకుండా డీ6 బంటుతో గుర్రాన్ని కొట్టినా, మీ మంత్రి జీ4 ఒంటెను తీసుకుంటుంది, ఒక బంటు లాభం. నల్ల గుర్రం సీ6లో ఉంటే మాత్రం దీని జోలికి పోకండి, అది ఈ5లో మీ గుర్రాన్ని తినేసి అక్కడినుంచే జీ4 ఒంటెకు కాపలా కాస్తుంది, మీకు మిగిలేది ఏడుపే.

స్క్యూయర్ పిన్‌కి తిరగేసినది, విలువైన పావు ముందుంటుంది, అది తప్పుకోగానే వెనకది మనది.

క్యాస్లింగ్ (రాజును ఏనుగు వైపు రెండు గళ్ళు జరిపి, ఏనుగును రాజు పక్కకు దాటించే ఎత్తు) చేశాక రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా ఉంటే చివరి వరసలోకి ఏనుగు వచ్చి మేట్ చేసే ప్రమాదం ఉంది, వీలు చూసుకుని హెచ్ బంటును ఒక గడి ముందుకు నెట్టండి.

లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఫోర్క్, పిన్ అని విడివిడిగా పజిల్స్ ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒకటి నొక్కి చూద్దాం అనుకోకుండా చివరి ఎత్తు వరకు మనసులోనే లెక్కేసి అప్పుడు కదపండి, టోర్నమెంటులో ముట్టుకున్న పావునే ఆడాలి కదా.