సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయా? పిక్కలకు పని చెప్పండి

కోఠి, అమీర్‌పేట బట్టల షాపుల్లో రోజంతా నిలబడేవాళ్లదీ, హైటెక్ సిటీలో కుర్చీ వదలనివాళ్లదీ సాయంత్రానికి ఒకటే మాట: కాళ్లు బరువెక్కాయి, చెప్పులు బిగుతయ్యాయి.

పాదాల దాకా రక్తాన్ని నెట్టేది గుండే. తిరిగి పైకి ఎక్కించడంలో పెద్ద చెయ్యి మాత్రం పిక్కల కండరాలది. అవి బిగిసినప్పుడల్లా లోపలి సిరలు నొక్కుకుని రక్తం పైకి వెళ్తుంది. సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. మనం కదలకపోతే రక్తం అక్కడే నిలుస్తుంది, సన్నటి నాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. ఆ నీటిని వెనక్కి చేర్చే లింఫ్ నాళాలకూ కండరాల కదలికే ఊతం.

అందుకే అరగంటకోసారి మడమలు పైకెత్తి, మునివేళ్ల మీద ఓ క్షణం ఆగి, మెల్లగా దించండి. ఇరవైసార్లు చాలు. కౌంటర్ పట్టుకునో, మెట్రోలో కడ్డీ పట్టుకునో చేయొచ్చు. కూర్చున్నచోటైనా సరే, పని జరుగుతుంది. ఇంటికెళ్లాక కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పెట్టి పావుగంట పడుకోండి.

మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక మీద బొటనవేలితో కాసేపు అదమండి. గుంట పడి వెంటనే పూడకపోతే నీరు చేరినట్టే. పొద్దున లేచేసరికి కూడా తగ్గకపోతే గుండె, కిడ్నీలు, లివర్ చూపించుకోవాలి.

ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే దయచేసి మర్దనా చేయకండి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.